పోక్సో కోర్టులో పిల్లల తరఫున నిలబడే ముందు

ఆ పాపకి తొమ్మిదేళ్లు. ముందు రోజు నా ఆఫీసులో బాగానే మాట్లాడింది. మర్నాడు కోర్టు హాలు బయట బల్ల మీద కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతూ, తీస్తూ, మళ్లీ బిగిస్తూ ఉంది. ఎవరో పెద్దాయన జాలిపడి, వంగి, "భయపడకమ్మా" అంటూ తల మీద చెయ్యి వేశాడు. ఆయన నోట్లో గుట్కా ఉంది. మూత తిప్పడం అక్కడితో ఆగిపోయింది. లోపలికి వెళ్లాక జడ్జిగారు ఎంత మెల్లగా అడిగినా ఒకటే జవాబు: "తెలీదు." ఏ క్లాసు అంటే తెలీదు. పేరు అడిగినా తెలీదు. ముద్దాయి దగ్గర ఎప్పుడూ అదే వాసన వచ్చేదని మధ్యాహ్నం ఆమె అమ్మమ్మ చెప్పింది.

అప్పటికి నాకు సెక్షన్లన్నీ నోటికి వచ్చు. ఆ పిల్లకి లోపల ఏం జరుగుతోందో మాత్రం తెలియలేదు. లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు, సీనియర్లకీ తెలియదు. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలామంది జూనియర్లు నాలాగే ఏ ట్రైనింగూ లేకుండా ఈ కేసుల్లోకి దిగుతున్నారు. న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ నుంచి మొదటి పోక్సో ఫైలు చేతికి వచ్చిన వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట, గాయపడ్డ మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

ప్రాణభయం కలిగినప్పుడు మెదడులో అమిగ్డాలా అనే భాగం ప్రమాద ఘంట మోగిస్తుంది. అప్పుడు మనిషి తిరగబడతాడు, లేదా పారిపోతాడు, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతాడు. పిల్లలకి తిరగబడే బలం ఉండదు, పారిపోయే చోటు ఉండదు. అందుకే ఎక్కువగా బిగుసుకుపోతారు. "ఎందుకు అరవలేదు?" అని క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు చేసే ఎదురు విచారణలో, అడిగే ప్రశ్నకి అసలు జవాబు ఇదే. ఆ పాప అరవకూడదని అనుకోలేదు. ఒళ్లు మాట వినలేదు.

జ్ఞాపకం కూడా ఆ సమయంలో మామూలుగా దాచుకోబడదు. కొన్ని ముక్కలు మాత్రం చాలా గట్టిగా నిలుస్తాయి: ఒక వాసన, ఫ్యాను చప్పుడు, గోడ మీద క్యాలెండరు బొమ్మ. ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు, ఏ తారీఖు అన్నవి చెదిరిపోతాయి. క్యాలెండరు మీద ఏ దేవుడి బొమ్మ ఉందో చెప్పగలిగిన పిల్ల అది ఏ నెలో చెప్పలేకపోవచ్చు. కోర్టుకి కావలసింది నెల. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో విషయం. పిల్లలు మొత్తం ఒకేసారి చెప్పరు. ముందు కొంచెం చెప్పి, మన ముఖం చూసి, మరికొంత చెప్తారు. ఇంట్లో గొడవలయ్యాక "ఏమీ జరగలేదు, అబద్ధం చెప్పాను" అని వెనక్కి తీసుకుంటారు కూడా. అమెరికన్ మానసిక వైద్యుడు రోలండ్ సమ్మిట్ 1983లోనే ఈ వరసను వివరించాడు: రహస్యం, నిస్సహాయత, సర్దుకుపోవడం, ఆలస్యంగా బయటపెట్టడం, మళ్లీ కాదనడం. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఈ లక్షణాలు కనిపించినంత మాత్రాన నేరం జరిగినట్టు రుజువు కాదు, దాన్ని అలా వాడకండి. ఆలస్యంగా చెప్పింది కాబట్టి అబద్ధం అనే వాదనను ఎదుర్కోవడానికి పనికొస్తుంది.

మీ స్థానం ఏమిటో స్పష్టంగా ఉంచుకోండి

పోక్సో చట్టం సెక్షన్ 40 ప్రకారం పిల్లల కుటుంబం తమకు నచ్చిన లాయరును పెట్టుకోవచ్చు. స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ ఇవ్వాలి. అయితే కేసు నడిపేది ప్రభుత్వ లాయరు, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) గారే. సాక్షిని మనం నేరుగా విచారించలేం, పీపీకి సహకరిస్తాం, కోర్టు అనుమతితో రాతపూర్వక వాదనలు ఇస్తాం. సుప్రీంకోర్టు 2019లో కూడా ఇదే చెప్పింది. చేతులు కట్టేసినట్టుందని చాలామంది అక్కడితో నీరుగారిపోతారు. కానీ ఆ పిల్లతో గంటలకొద్దీ కూర్చునే తీరిక పీపీకి ఉండదు, ఆయన చేతిలో అదే రోజు ఇంకో పది కేసులుంటాయి. ఏ వాసనకి బిగుసుకుపోతుంది, ఏ మాటకి ఏమని అర్థం, ఎంతసేపు కూర్చోగలదు అన్నవి ఆయనకి అందించగలిగేది మీరే. చీఫ్‌కి, అంటే పీపీ సాక్షిని మొదట విచారించే రోజుకి, కనీసం వారం ముందు ఒక పేజీ నోటు రాసి ఇవ్వండి.

మొదటిసారి కలిసేటప్పుడు

మీ ఆఫీసుకి రమ్మనకండి. ఎక్కడైతే నీకు బాగుంటుంది అని పిల్లనే అడగండి. పోలీసులు స్టేట్‌మెంటు రాసుకునే చోటు గురించే సెక్షన్ 24 పిల్లల ఇంటికి గానీ వాళ్లు కోరిన చోటికి గానీ వెళ్లమంటోంది, యూనిఫాం వద్దంటోంది. మనం నల్లకోటుతో ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? కోటు తీసేయండి. ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, పిల్ల ఎత్తుకి తగ్గట్టు కూర్చోండి. తలుపు వైపు దారి పిల్లకి అడ్డం లేకుండా చూడండి. తాకకండి, తల నిమరాలనిపించినా సరే.

ఇక పిలుపు. మన తెలుగువాళ్లం పిల్లల్ని చూడగానే "నాన్నా", "బంగారం", "కన్నా" అంటాం. ముద్దాయి తండ్రి అయిన కేసులో "ఏం నాన్నా" అన్న ఒక్క మాట చాలు, ఆ గదిలో ఇక మాట పెగలదు. "అంకుల్ అని పిలవమ్మా" అనడం కూడా అంతే, ముద్దాయినీ అంకుల్ అనే పిలిచి ఉంటుంది. ఇంట్లో ఏమని పిలుస్తారు, నన్ను ఏమని పిలుస్తావు అని అడిగి, అదే వాడండి.

మొదటి రోజు కేసు గురించి ఏమీ అడగకండి. మీరెవరో చెప్పండి, తర్వాత ఏం జరగబోతోందో చెప్పండి. "ఇది ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. "వాడికి శిక్ష పడేలా చేస్తాను" అని అసలే అనకండి. "నీకు ఇష్టం లేకపోతే ఆపమని చెప్పు, నేను ఆపుతాను" అన్నది మాత్రం ఇవ్వగలిగిన మాట. ఇచ్చాక నిజంగా ఆపండి. పిల్లలు దాన్ని పరీక్షిస్తారు. ఒకసారి ఊరికే "ఆపు" అంటారు. ఆపితే, ఆ రోజు నుంచి నమ్మకం మొదలవుతుంది.

అడిగే పద్ధతి

ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను. కేసులు నిలిచేదీ పోయేదీ ఇక్కడే.

తెరిచి ఉన్న ప్రశ్నలు అడగండి. "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు." "తర్వాత?" "వంటగది అన్నావు, దాని గురించి ఇంకొంచెం చెప్పు." ఇంతే. పిల్ల ఆగితే మీరూ ఆగండి. పదంకెలు లెక్కపెట్టేంత సేపు నిశ్శబ్దాన్ని భరించడం లాయరుకి చాలా కష్టం, అయినా సాధన చేయండి.

"కదా" అన్న పదాన్ని మీ నోట్లోంచి తీసేయండి. "మామయ్య పిలిచాడు కదా?" అంటే పిల్ల "ఊ" అంటుంది. మన పిల్లలు కథ వింటూ ఊ కొడతారు. ఆ "ఊ"కి అర్థం వింటున్నాను అని, అవును అని కాదు. కోర్టులో ఆ "ఊ" "అవును, నిజమే" అని రికార్డుకి ఎక్కుతుంది. ఎదుటి లాయరు "నువ్వే వాళ్లింటికి వెళ్లావు కదా?" అన్నప్పుడు కూడా అదే "ఊ" వస్తుంది. పీపీకి ఇచ్చే నోటులో ఈ సంగతి రాయండి: పిల్ల ఊ కొడుతుంది, కాబట్టి మాటల్లో జవాబు వచ్చేదాకా రికార్డు చేయవద్దని కోర్టును కోరండి.

"ఎందుకు"తో ఏ ప్రశ్నా మొదలుపెట్టకండి. ఎందుకు వెళ్లావు, ఎందుకు చెప్పలేదు అని ఇంట్లో అప్పటికే వందసార్లు అడిగి ఉంటారు. పిల్లల చెవికి అది తిట్టులా వినిపిస్తుంది.

కాలం గురించి. చిన్నపిల్లలకి జరిగిపోయిందంతా "మొన్న"నే. ఆర్నెల్ల కిందటిదీ మొన్నే. స్టేట్‌మెంటులో "మొన్న" అన్న మాటకి పోలీసులు ఒక తారీఖు వేస్తే, క్రాస్‌లో ఆ తారీఖే ఉరితాడవుతుంది. తారీఖు అడగకుండా గుర్తులు అడగండి. బతుకమ్మ ఆడాక జరిగిందా, ముందా? బడికి వెళ్తున్న రోజులా, సెలవులా? సంక్రాంతికి కొన్న గౌను అప్పటికి ఉందా? ఎన్నిసార్లు అని కూడా అడగకండి. "ఒక్కసారా, ఎక్కువసార్లా?" అని అడిగి, "బాగా గుర్తున్నది ఒకటి చెప్పు" అనండి.

మాటల అర్థం. "చెడ్డ పని చేశాడు", "పాడు చేశాడు", "పట్టుకున్నాడు" లాంటి మాటలు వస్తాయి. మీకు అర్థమైందనుకుని ముందుకెళ్లకండి. "పాడు చేశాడు అంటే ఏం చేశాడు?" అని పిల్ల మాటతోనే అడగండి. శరీర భాగాలకి ఏ పేరు వాడితే ఆ పేరే ఉంచండి, మీ పదం అందించకండి. చాలా కోర్టుల్లో సాక్ష్యం ఇంగ్లీషులో టైపవుతుంది. పిల్ల నాలుగు మాటల్లో చెప్పింది ఒక్క ఇంగ్లీషు పదంగా మారితే నేరం సెక్షనే మారిపోవచ్చు. పిల్ల అన్న తెలుగు మాటను ఉన్నదున్నట్టు రాయమని పీపీ ద్వారా వినయంగా అడగండి. "మామయ్య" అంటే ఏ మామయ్య అన్నది కూడా మొదట్లోనే తేల్చుకోండి. మన ఇళ్లల్లో ఒక పిల్లకి నలుగురు మామయ్యలుంటారు.

తెలుగు ఇంటిభాష కాని పిల్లలు మన ఏజెన్సీ మండలాల్లో, తండాల్లో చాలామంది. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్ల బడి తెలుగులో "బాగున్నాను" అనగలదు, జరిగింది చెప్పలేదు. సెక్షన్ 38 కింద దుబాసీని అడగడం మీ పని. మాట సరిగా వినపడని పిల్లలకి, మానసిక ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకి ప్రత్యేక ఉపాధ్యాయుల్నీ అదే సెక్షన్ కింద అడగొచ్చు.

కోర్టు రోజుకి సిద్ధం చేయడం

పద్ధతి నేర్పండి, సాక్ష్యం నేర్పకండి. ఈ గీత దాటితే కేసు మీరే పాడు చేసినట్టు. స్టేట్‌మెంటు చదివి బట్టీ పట్టించడం, "అక్కడ ఇలా చెప్పు" అనడం వద్దు. ఎవరెక్కడ కూర్చుంటారు, జడ్జిగారు ఏం అడుగుతారు, టైపు చేసేవాళ్లు ఎందుకుంటారు అన్నవి చెప్పండి. వీలైతే ముందు రోజు సాయంత్రం ఖాళీ హాలు చూపించండి. మూడు వాక్యాలు అలవాటు చేయించండి: "అర్థం కాలేదు", "గుర్తులేదు", "కొంచెం ఆగుతారా". ఈ మూడూ తప్పు జవాబులు కావని పిల్లకి తెలియాలి. మన బళ్లలో "తెలీదు" అంటే దెబ్బలు పడతాయి, అందుకే పిల్లలు తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పేస్తారు.

ఇంకో చిన్న మెలిక ఉంది. "జరిగింది చెప్పు" అని మీరు అంటారు. క్రాస్‌లో "ఇదంతా చెప్పమని నీకు ఎవరు చెప్పారు?" అని అడుగుతారు. పిల్ల నిజాయితీగా "లాయరు మేడమ్ చెప్పమంది" అంటుంది. హాల్లో అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. కంగారు పడకండి. రీ-ఎగ్జామినేషన్‌లో పీపీ గారు "ఏం చెప్పమంది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మీరు సరిగా సిద్ధం చేసి ఉంటే జవాబు "నిజం చెప్పమంది" అని వస్తుంది. ఈ ప్రశ్న మీ నోటులో ముందే రాసి పెట్టండి.

చట్టం ఇచ్చినవన్నీ ముందే మెమోగా వేయండి. సెక్షన్ 33 ప్రకారం ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే పిల్లకి వెళ్లాలి, మధ్యమధ్య విరామం ఇవ్వాలి, పిల్లని మళ్లీమళ్లీ పిలవకూడదు, దూకుడు ప్రశ్నలకూ శీలాన్ని కించపరచడానికీ తావివ్వకూడదు. సెక్షన్ 36 ప్రకారం ముద్దాయి పిల్ల కంట పడకూడదు, తెరో వీడియోనో ఉండాలి. సెక్షన్ 37 ప్రకారం తలుపులు మూసి, పిల్ల నమ్మే మనిషి పక్కనుండగా విచారణ జరగాలి. సెక్షన్ 35 ప్రకారం కేసు విచారణకి స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం అయిపోవాలి, అవకపోతే కారణం రాయాలి. ఆ రోజు పొద్దున అడిగితే "తర్వాత చూద్దాం" అంటారు. మూడు రోజుల ముందు కాగితం మీద పెడితే ఆర్డరు వస్తుంది. సున్నితమైన సాక్షుల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సాక్ష్య కేంద్రాలు పెట్టమని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. హైదరాబాద్‌లో హింసకి గురైన మహిళలకి, పిల్లలకి సాయపడడానికి 2016లో మొదలైన భరోసా కేంద్రం ఆవరణలో 2018 నుంచి పిల్లలకి అనువైన కోర్టు ఉంది. మీ జిల్లాలో అలాంటి గది ఉంటే, కేసు అక్కడ పెట్టించడానికి పట్టుబట్టండి.

ఆ రోజు

పిల్లని పదిన్నరకే రప్పించి సాయంత్రం నాలుగింటిదాకా వరండాలో కూర్చోబెట్టకండి. బెంచ్ క్లర్కుతో మాట్లాడి సమయం తెలుసుకోండి. ముద్దాయి ఏ గేటు నుంచి వస్తాడో, ఏ మెట్లు ఎక్కుతాడో కనుక్కుని, పిల్లని వేరే దారిన తీసుకెళ్లండి. అతని బంధువులు క్యాంటీన్ దగ్గర కాపు కాస్తారు, అటు పోనివ్వకండి. పొద్దున ఏం తిందో అడగండి. ఆకలిగా ఉన్న పిల్ల రెండో ప్రశ్నకే డీలా పడుతుంది.

ఇక బిగుసుకుపోవడాన్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. చూపు ఒకచోట నిలిచిపోతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, చేతులు కదలడం మానేస్తాయి, జవాబులు ఒక్క పదానికి వస్తాయి. పిల్ల మొండికేస్తోందని పక్కవాళ్లు అనుకుంటారు. మీరు వెంటనే పీపీకి సైగ చేసి విరామం అడిగించండి. బయటికి తీసుకెళ్లి "ఏమైంది, ఎందుకు చెప్పట్లేదు" అనకండి. చల్లని నీళ్లు ఇవ్వండి. పాదాలు నేలకి ఆనించమనండి. "ఇక్కడ నీలం రంగువి ఏమేం కనిపిస్తున్నాయో చెప్పు" అనండి. మనసు ఆ పాత గదిలోంచి ఈ వరండాలోకి రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. వచ్చాక పిల్ల మీ వైపు చూస్తుంది. అప్పుడు లోపలికి వెళ్లొచ్చు.

క్రాస్‌లో "నువ్వు అబద్ధం చెప్తున్నావంటే నిజం కాదంటావా?" లాంటి ప్రశ్నలు వస్తాయి. దీనికి అవునంటే ఏమిటో, కాదంటే ఏమిటో పెద్దవాళ్లకే తెలియదు. ఒక్కో వాక్యంలో ఒక్కో సంగతే అడగాలని అభ్యంతరం చెప్పించండి. ఎదుటి లాయరు మీద కోపం తెచ్చుకోకండి. ఆయన పని ఆయన చేస్తున్నాడు, ముద్దాయికీ న్యాయంగా విచారణ జరగాలి. మీ గొంతు పెరిగితే భయపడేది ముద్దాయి కాదు, మీ పక్కనున్న పిల్ల.

ఇంటివాళ్లతో

చాలా కేసుల్లో ముద్దాయి బయటివాడు కాదు. బాబాయో, పక్కింటాయనో, అమ్మ రెండో భర్తో. పెద్దమనుషులు కూర్చుంటారు. "రేపు పిల్లకి పెళ్లెలా అవుతుంది, ఏదో తీసుకుని రాజీ పడండి" అంటారు. ఇది రాజీ పడే కేసు కాదని తల్లికి మొదటి రోజే చెప్పండి, రెండోసారీ చెప్పండి. కానీ ఆమెని కసురుకోకండి. సంపాదించేవాడే జైలుకి వెళ్తే పొయ్యి ఎలా వెలుగుతుందన్నది ఆమె భయం. ఆ భయానికి మీరు చేయగలిగింది ఉంది: 2020 పోక్సో నిబంధనల ప్రకారం తిండి, బట్టలు, ప్రయాణ ఖర్చులకి బాలల సంక్షేమ సమితి ద్వారా తక్షణ సాయం, కోర్టు ద్వారా మధ్యంతర పరిహారం అడగండి. కేసు పొడవునా పిల్లకి తోడుండే సపోర్ట్ పర్సన్‌ని కూడా సమితి ద్వారానే వేయించండి. పిల్ల మాట మార్చడానికి వెనక చాలాసార్లు ఇంట్లో నిండుకున్న బియ్యం ఉంటాయి.

పిల్ల పేరు, ఊరు, బడి ఎక్కడా బయటికి రాకూడదు. లాయర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎఫ్‌ఐఆర్ ఫొటోలు పెట్టడం చూశాను. దయచేసి మానండి. ఎవరైనా పెడితే తీయించండి.

ట్రైనింగ్ ఎక్కడ దొరుకుతుంది

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో నడిచే సంవాద్ కార్యక్రమం పిల్లల మానసిక ఆరోగ్యం గురించి న్యాయ రంగం వాళ్లకి కూడా శిక్షణ ఇస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఒక వినతిపత్రం ఇచ్చి, మీ ప్యానెల్ లాయర్లకి ఒక పూట ఏర్పాటు చేయమనండి. అది జరిగేదాకా ఊరుకోకండి. నెలకో శనివారం నలుగురు కూర్చోండి. ఒకరు సాక్షి, ఒకరు డిఫెన్స్, ఒకరు జడ్జి. పాత కేసులోని క్రాస్ ప్రశ్నల్ని, పేర్లు తీసేసి, గట్టిగా చదవండి. సాక్షిగా కూర్చున్నవాళ్లు తమ జీవితంలో జరిగిన ఏదో ఒక చిన్న ఇబ్బందికర సంగతి గురించి ముగ్గురి ముందు చెప్పాలి, తారీఖులతో సహా. ఐదు నిమిషాలకే చెమటలు పడతాయి. మా జూనియర్లు పుస్తకాల కంటే దీని వల్లే ఎక్కువ నేర్చుకున్నారు.

మీ సంగతి

ఈ ఫైళ్లు చదివిన రాత్రి నిద్ర పట్టదు. సొంత పిల్లని పక్కింటికి పంపాలంటే చెయ్యి వణుకుతుంది. కొన్నాళ్లకి ఏదీ తాకనట్టు మొద్దుబారిపోతాం, అది ఇంకా ప్రమాదం. మెడికల్ రిపోర్టు పడుకునే ముందు చదవకండి. ఒకే రోజు ఇద్దరు పిల్లల్ని కలవకండి. పేర్లు చెప్పకుండా మనసులోది చెప్పుకోవడానికి ఒక తోటి లాయరును పెట్టుకోండి. అదీ చాలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సాక్ష్యం అయిన రోజు సాయంత్రం ఇంటికి ఫోన్ చేయండి. కేసు గురించి మాట్లాడకండి. తిన్నదా, పడుకుందా అని అడగండి. ఆ రాత్రి పీడకలలు రావచ్చని, పక్క తడపవచ్చని, తిట్టవద్దని అమ్మకి చెప్పండి. తీర్పు వచ్చినప్పుడు, అది ఏదైనా సరే, పిల్లకి మీరే వెళ్లి చెప్పండి. ముద్దాయి విడుదలైతే "నీ మాట నమ్మలేదని కాదు, సాక్ష్యాలు చాలలేదన్నారు, అప్పీలు చేసే దారి ఉంది" అని, ఆ వయసుకి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. మొదట్లో చెప్పిన పాపని నాలుగు వారాల తర్వాత మళ్లీ పిలిపించుకోవలసి వచ్చింది. ఈసారి వెనక గేటు నుంచి తీసుకెళ్లాం, వరండాలో ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు, అమ్మమ్మ పక్కనే కూర్చుంది. నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు "కొంచెం ఆగుతారా" అని తనే అడిగింది.